ముట్టుకోవద్దన్న మెత్త

ఆయన అసలు పేరు ఇంటి తలుపు మీద చిన్న రేకు పలకపై ఉంది గానీ, దాన్ని చదివేది తపాలా మనిషి ఒక్కడే. మిగతా లోకానికంతా ఆయన జారుడు మాస్టారు. కొత్తగా విన్నవాళ్లు, పాపం ఎప్పుడో మెట్ల మీంచి జారిపడి ఉంటాడనుకుంటారు. జారింది ఆయన కాదు, ఆయన క్లారినెట్ స్వరం.

రైలు స్టేషన్ ఎదురుగా ఉన్న పెద్ద హోటల్లో, కింది అంతస్తు భోజనాల హాల్లో, వారానికి ఆరు సాయంత్రాలు నలుగురి బృందం వాయిస్తుంది. పియానో, బేసు, డ్రమ్ములు, క్లారినెట్. ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ముగిస్తారు. మాస్టారు అక్కడ చేరి ముప్ఫై ఒక్క సంవత్సరాలు. ప్రతి చరణం మొదట్లోనూ ఆయన పై స్వరాన్ని నేరుగా అందుకోడు. రెండు మెట్లు కింద మొదలుపెట్టి, ఊపిరి బిగబట్టి, మెడ నరాలు ఉబ్బేలా ఊది, స్వరాన్ని పైకి ఈడ్చుకొస్తాడు. పైకి ఎక్కేదాన్ని జారుడు అని ఎందుకంటారో ఎవరూ అడగలేదు. పేరు పెట్టిన పుణ్యాత్ముడు ఎవరో కూడా తెలియదు.

ఆ జారుడు పుట్టుక కూడా ఏమంత ఘనంగా లేదు. ఉద్యోగంలో చేరిన రెండో వారంలో, క్లారినెట్ పై మీటల్లో ఒకదాని కింద ఉండే తోలు మెత్త అరిగి గాలి కారడం మొదలుపెట్టింది. ఆ మెత్త రంధ్రాన్ని సరిగ్గా మూయకపోతే పై స్వరాలు మర్యాదగా పలకవు. మరమ్మతుల దుకాణం ఆ రోజు మూసి ఉంది. గత్యంతరం లేక మాస్టారు కిందినుంచి బలంగా ఊదుతూ స్వరాన్ని పైకి తోశాడు. ఓ బల్ల దగ్గర తింటున్న ఆరుగురు చెంచాలు ఆపి చప్పట్లు కొట్టారు. అప్పటి మేనేజరు వచ్చి, "రేపు కూడా అలాగే వాయించు" అన్నాడు. మర్నాడు దుకాణం తెరిచింది గానీ, మాస్టారు మాత్రం మెత్త మార్పించలేదు.

అప్పట్నుంచి ఏడాదికోసారి క్లారినెట్‌ను నూనె పెట్టడానికి ఇస్తున్నప్పుడల్లా, భార్య కుట్టుమిషను పెట్టెలోంచి ఎర్రదారం ముక్క తెచ్చి ఆ మీటకు కట్టేవాడు. "అన్నీ చూడు, విప్పు, తుడువు, నీ ఇష్టం. దారం కట్టినదాన్ని మాత్రం ముట్టుకోవద్దు" అని మరమ్మతుల ఆయనకు చెప్పేవాడు. తిరిగి తెచ్చుకున్నాక దారం ముడి అలాగే ఉందో లేదో చూసుకుని గాని ఊదేవాడు కాదు. పోగొట్టుకుంటే దొరకనిదంటూ ఏదైనా ఉందంటే అది ఆ పాడైపోయిన మెత్తే అని ఆయన నమ్మకం.

ఇక అసలు కథ కంటి డాక్టరమ్మ దగ్గర మొదలైంది. పేపరు చదవడానికి కొత్త అద్దాలు రాయించుకుందామని వెళితే, ఆవిడ ఆయన ఎడమ కన్ను చూసి కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఒక డబ్బాలో తల పెట్టించి, వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా మీట నొక్కమంది. ఒక మూల వెలిగిన చుక్కలకు ఆయన నొక్కనే లేదు. అక్కడ చుక్కలు ఉన్నాయనే ఆయనకు తెలియదు.

"మీరేం పని చేస్తుంటారు?" అంది డాక్టరమ్మ.

"క్లారినెట్ వాయిస్తానండి. ఇటునుంచి అటే పనికి వెళ్తున్నా" అని పెట్టె చూపించాడు.

ఆవిడ కంటి ఒత్తిడి కొలిచింది. ఇరవై ఒకటి దాటకూడదట. ఇరవై మూడు. వాయించమంది. మాస్టారు మొహమాటపడి, తలుపు వేయించి, తన జారుడు ఒకటి లాగాడు. బయట వరసలో కూర్చున్నవాళ్లు లోపల ఎవరికో ఆపరేషన్ అవుతోందనుకున్నారు. ఆవిడ మళ్లీ కొలిచింది. ముప్ఫై నాలుగు. కాసేపు కూర్చోబెట్టి, ఈసారి మెల్లగా ఊదమంది. కింది స్వరాలు నాలుగు మెత్తగా వాయించాడు. ఇరవై నాలుగు.

"రోజుకు ఎన్నిసార్లు ఊదుతారు, ఆ మొదటిది?"

మాస్టారు లెక్క వేసుకున్నాడు. "నూటికి తగ్గదండి."

"అది మానేస్తే క్లారినెట్ వాయించుకోవచ్చు. అది మానలేనంటే క్లారినెట్టే మానేయాలి. రెండూ కాదంటే కన్ను పోతుంది. పోయింది తిరిగి రాదు. ఈ చుక్కల మందు పొద్దునా సాయంత్రం వేసుకుని, ఆరు వారాలకు రండి."

హోటల్‌కు నడిచి వెళ్తున్నంతసేపూ మాస్టారికి ఒకటే ఆలోచన. మెల్లగా ఊదితే, కారే మెత్తతో పై స్వరం రాదు. మెత్త మారిస్తే వస్తుంది. కానీ ఆ మెత్తతోపాటు జారుడూ పోతుంది. జారుడు పోయాక మిగిలేది వట్టి మాస్టారు. అలాంటివాళ్లు ఊరినిండా ఉన్నారు. చావు తప్పి కన్ను లొట్టపోయిందని జనం ఊరికే అంటుంటారు గాని, తన విషయంలో ఆ సామెతకు రెండు వైపులా పదునుందనిపించింది. ఇంటికెళ్లాక భార్యకు చుక్కల సీసా చూపించి, మిగతాదంతా మింగేశాడు.

రెండు రోజులు ఆగి, వాయించడానికి ముందు బృందం కూర్చునే గదిలో మాట కదిపాడు. అది వంటగది వెనకాల, మడత కుర్చీలు పేర్చి ఉండే గది. బేసు వాయించేవాడు మాస్టారికి బంధువేం కాదు, కానీ పాతికేళ్లుగా ఒకరినొకరు బావా అనుకుంటున్నారు.

"బావా, ఊరికే అడుగుతున్నా. మన వయసులో ఒకడు తన వాయింపు పద్ధతి మార్చేసుకుంటే ఎలా ఉంటుంది?"

"ఎవడా ఒకడు?"

"ఎవడో ఒకడులే."

"మతి పోయిందంటారు. ముప్ఫై ఏళ్లు ఒకే రుచితో వండిన వంటవాడు ఓ రోజు కొత్త రుచి చూపించాడనుకో, తినేవాడు వంట మారిందంటాడా? వంటవాడికి ఏదో అయిందంటాడు. జనం వచ్చేది తెలిసిన దానికోసం బావా. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోకూడదు, మన పనిలో."

డ్రమ్ముల ఆయన కర్రలు తుడుచుకుంటూ, "మార్చకపోతే వీడికి ఇంకేం రాదంటారు. మారిస్తే ఉన్నదీ పోయిందంటారు. అనేవాళ్లకు పనేముంది" అన్నాడు.

పియానో వాయించే ఆవిడను అందరూ అక్కయ్య అంటారు. ఆవిడ కుడి మణికట్టుకు నొప్పుల మందు రాసుకుంటూ తల ఎత్తకుండానే అంది: "చివరికి జనం వినాల్సింది పాట కదా. దాని సంగతి ఎవడూ అడగడేం?"

ఆ మాటకు అర్థం ఎవరూ అడగలేదు. వాయించే టైమైంది.

మాస్టారు మారలేదు. ఇవాళ్టికి కానిద్దాం, రేపట్నుంచి చూద్దాం అనుకుంటూ రెండు వారాలు గడిపాడు. పొద్దున ఒత్తిడి తగ్గించే చుక్కలు వేసుకోవడం, సాయంత్రం నూరు జారుళ్లతో దాన్ని పెంచుకోవడం. హాలు దీపాల చుట్టూ రంగు వలయాలు కనిపించసాగాయి. చక్కగానే ఉన్నాయి గానీ, ఉండకూడనివి. మూడో వారంలో ఒక సాయంత్రం వేదిక దిగుతుంటే ఎడమ పక్క మెట్టు కనపడలేదు. జారుడు మాస్టారు ఇన్నాళ్లకు పేరు నిలబెట్టుకున్నాడు. మోకాలు చెక్కుకుపోయింది, ప్యాంటు చిరిగింది, చేతిలో క్లారినెట్ మాత్రం నెత్తికంటే ఎత్తున భద్రంగా ఉంది. లేవదీసిన బేసు బావ నవ్వాడు. మాస్టారు నవ్వలేదు. ఆయనకు నిజంగా భయం వేసింది.

మర్నాడు గురువారం. పొద్దున్నే మరమ్మతుల దుకాణానికి వెళ్లాడు. సైకిళ్ల షాపుల వెనక సందులో, మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగిలే దుకాణం అది. స్పిరిటు దీపం, లక్క వాసన, గోడ నిండా గొంతులూడిన బాకాలు. మరమ్మతుల ఆయన మాస్టారి ఈడువాడే, మెడలో రెండు జతల కళ్లజోళ్లు వేలాడుతుంటాయి.

"ఏమోయ్, ఆ మెత్త మార్చెయ్యి" అన్నాడు మాస్టారు గుమ్మంలోంచే. ఇంకో నిమిషం ఆగితే నోరు రాదని తెలుసు.

మరమ్మతుల ఆయన చేతిలోని స్క్రూడ్రైవరు ఆగిపోయింది. "ఏ మెత్త?"

"ఏదో తెలీనట్టు అడుగుతావేం? దారం మెత్త. ఇన్నేళ్లూ ముట్టుకోవద్దన్నది. ఇవాళ తీసి పారెయ్యి. నా కన్ను పోయేట్టుంది." గుక్క తిప్పుకోకుండా డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పేశాడు. భార్యకు చెప్పనిది దుకాణంలో చెప్పేసి, ఆ ఆయాసంలో గుమ్మానికి ఆనుకున్నాడు.

మరమ్మతుల ఆయన మొహంలో రంగులు మారాయి. "కూర్చోండి మాస్టారూ. ఉండండి, ముందు క్లారినెట్ నా చేతికివ్వండి. ఇప్పుడు కూర్చోండి." దాన్ని మాస్టారి చేతికి అందనంత దూరంలో బల్ల మీద పెట్టాక అన్నాడు: "అది మార్చి పదకొండేళ్లయింది."

"ఏది?"

"మెత్త. నేను ముట్టుకోలేదు, మీ మీద ఒట్టు. పక్క మీట విప్పుతుంటే అదే పొడిపొడిగా నా అరచేతిలో రాలిపోయింది. మళ్లీ అతికించడానికి ఏం మిగల్లేదు. కొత్తది వేశాను. తెల్లగా కనపడుతుందని టీ నీళ్లలో నానబెట్టి, మసి రుద్ది మరీ వేశాను. మీ ఎర్రదారం మీరు కట్టిన ముడితోనే కట్టాను. నిజం చెబుదామనే అనుకున్నా మాస్టారూ. మీరేమో వచ్చి, దారం చూసుకుని, ఒక్క ఊపు ఊది, 'చూశావా, ముట్టుకోలేదు కనక ఎంత బాగుందో' అన్నారు. ఇక నాకు నోరెలా వస్తుంది?"

మాస్టారు లేచి నిలబడ్డాడు. కోపం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. "అబద్ధం. నిన్న కూడా దాంతో ఎంత కష్టపడ్డానో నాకు తెలుసు."

మరమ్మతుల ఆయన పల్చటి కాగితం ముక్క ఒకటి తీసి, ఆ మెత్త కింద పెట్టి, మీట మూసి, "లాగండి" అన్నాడు. మాస్టారు లాగాడు. రాలేదు. ఇంకా లాగితే కాగితం చిరిగింది. గాలికి దారి లేదన్నమాట.

క్లారినెట్ తీసుకుని పెదవుల మధ్య పెట్టుకున్నాడు. ఉగ్గుపాలు తాగే పిల్లవాడు నిద్రలేవకూడదన్నంత మెల్లగా ఊదాడు. పై స్వరం వచ్చింది. నేరుగా, శుభ్రంగా, పిలవగానే పలికే మనిషిలా వచ్చింది. మళ్లీ ఊదాడు. మళ్లీ వచ్చింది. మూడోసారి ఊది, క్లారినెట్ ఒళ్లో పెట్టుకుని, స్టూలు మీద కూలబడ్డాడు.

పదకొండేళ్లు. రోజుకు నూరుసార్లు. లేని చిల్లుతో కుస్తీ పట్టి, తాడును పామనుకుని కొట్టీ కొట్టీ చేతులు విరగ్గొట్టుకున్నట్టయింది. ఒక్కసారిగా మాస్టారికి నవ్వొచ్చింది. ఎంత నవ్వాడంటే, చెడిన కంట్లోంచీ బాగున్న కంట్లోంచీ సమానంగా నీళ్లు కారాయి.

"తిట్టరా?" అన్నాడు మరమ్మతుల ఆయన అనుమానంగా.

"తర్వాత తిడతాలే. ఇప్పుడు ఊపిరి లేదు."

"అమ్మయ్య. పదకొండేళ్లుగా మీరు ఈ సందులోకి వచ్చిన రోజు నాకు అన్నం సయించేది కాదు మాస్టారూ. హాయిగా భోంచేస్తా ఇవాళ." అంటూ ఆయన ఎర్రదారాన్ని పళ్లతో కొరికి తెంపేశాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మాస్టారు ఇంటికి వచ్చి వంటగదిలో నిలబడి వాయించడం మొదలుపెట్టాడు. ముందుగదిలో ఆయన ఇల్లాలు ఎవరిదో కోటు భుజాలు సరిచేస్తోంది. ఆయన సాధన మొదలుపెడితే ఆవిడ మిషను ఇంకాస్త జోరుగా తొక్కడం ఆ ఇంట్లో మామూలు. ఇవాళ రెండో చరణానికి మిషను ఆగిపోయింది. పాట అయ్యేదాకా మళ్లీ కదల్లేదు.

ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. మెడలో కొలత టేపు, నోట్లో రెండు గుండుసూదులు. సూదులు తీసి రవికె అంచుకు గుచ్చుకుంది.

"మా ఎదురింటి మేడ మీద కూర్చుని వాయించేవారు చూడండి, మన పెళ్లికి ముందు. ఇలాగే ఉండేది."

"మరి ఇన్నాళ్లూ ఒక్కమాట అనలేదేం? జారుడు నీకు నచ్చదా?"

"మీకు అదంటే ప్రాణం కదండీ. మీ ప్రాణం బాగాలేదని నేనెలా అంటాను? మిషను తొక్కుకున్నాను."

అప్పుడు కంటి సంగతి కూడా చెప్పాడు. ఆ తరువాత పావుగంట సేపు ఆయన తిన్న తిట్లు ఇక్కడ రాయనక్కర్లేదు. మూడు వారాలు దాచినందుకు అన్నీ న్యాయమైనవే. చివర్లో ఆవిడే సీసా తెచ్చి, ఆయన తల వెనక్కి వంచి, చుక్క వేసి, కారిన చుక్కను కొంగుతో తుడిచింది.

ఇల్లు గెలిచాడు గానీ రచ్చ మిగిలే ఉంది. పైగా గురువారం. గురువారమంటే నాలుగో నంబరు బల్ల దగ్గర గడియారాల పెద్దాయన వచ్చే రోజు. ఎనభై దాటిన మనిషి, ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవాడు. పంతొమ్మిదేళ్లుగా ప్రతి గురువారం వచ్చి, ఒంటరిగా భోంచేసి, చీటీ మీద ఒకే పాట రాసి పంపుతాడు. ఆ పాటలో ప్రతి జారుడు దగ్గరా ఆయన చూపుడువేలు పైకి లేస్తుంది. ఎవరు మెచ్చుకోకపోయినా ఆ ఒక్క వేలు కోసం మాస్టారు ఎన్నో గురువారాలు జ్వరంతో కూడా వాయించాడు. అందరూ క్షమించినా, ఇవాళ ఆ వేలు క్షమించదని ఆయన భయం.

బృందానికి ఏం చెప్పలేదు. చెబితే బేసు బావ చర్చ పెడతాడు. మొదటి పాట ఎత్తుకున్నాడు. జారుడు లేకుండా నేరుగా పై స్వరం అందుకున్నాడు. అంతే, వెనకాల ముగ్గురికీ తాళం తప్పింది. అక్కయ్య చెయ్యి మీటల మీద గాల్లోనే ఆగి ఉంది. బేసు అర తాళం వెనక వచ్చింది, డ్రమ్ము దాని వెనక. మెట్టు ఉందనుకుని చీకట్లో కాలు వేసినవాళ్లలా ముగ్గురూ తడబడ్డారు. ఇన్నేళ్లుగా ప్రతి చరణం ముందు ఆయన స్వరాన్ని ఈడ్చుకొచ్చేదాకా ఆగడం వాళ్ల చేతులకు అలవాటైపోయింది. ఆ సంగతి మాస్టారికి ఇవాళే తెలిసింది.

రెండో చరణానికి అక్కయ్య సర్దుకుంది. మూడోదానికి బేసు కూడా దారిలో పడింది. హాల్లో జనం? ఒకాయన ఉప్పు అడిగాడు. ఒకావిడ పిల్లవాడి మూతి తుడిచింది. ఎవరూ తల ఎత్తి చూడలేదు. ముప్ఫై ఏళ్ల జారుడు పోయిందని ఒక్క చెంచా కూడా ఆగలేదు. మాస్టారికి గుండె తేలికైంది. దానితోపాటు కొంచెం రోషం కూడా వచ్చింది, లేదని ఎందుకనాలి.

మధ్య విరామంలో మడత కుర్చీల గదిలోకి రాగానే బేసు బావ మీదపడ్డాడు. "చెప్పకుండా చేస్తావా! ఆ ఒకడు నువ్వేనన్నమాట! మతి పోయిందా బావా?"

"పోయింది. బాగానే ఉంది."

అక్కయ్య మందు డబ్బా మూత బిగించి సంచిలో వేసేసింది. "నీ జారుడు కోసం చెయ్యి గాల్లో పట్టుకుని పట్టుకుని ఈ మణికట్టు ఇలా అయింది తమ్ముడూ. అది నీ గుర్తు కదా, వద్దని ఎలా చెప్పను అనుకునేదాన్ని. ఇవాళ ఆ పాట మొత్తం వాయించాను. ఎంత బాగుందో!"

ఏడున్నరకు నాలుగో బల్లనుంచి చీటీ వచ్చింది. అదే పాట. మాస్టారు మొదలుపెట్టాడు. మొదటి చరణం నేరుగా వెళ్లింది. వేలు లేవలేదు. రెండో చరణం. పెద్దాయన చెయ్యి బల్లగుడ్డ మీద అలాగే ఉంది. మూడో చరణానికి ఆయన ముందుకు వంగి, మాస్టారి వైపు తేరిపార చూశాడు. వేలు మాత్రం కదల్లేదు. పాట అయ్యాక రమ్మని చెయ్యి ఊపాడు.

మాస్టారు ఈసారి మెట్టు తడిమి చూసుకుని మరీ దిగాడు.

"ఏమయ్యా మాస్టారూ, ఏదో మారిందే ఇవాళ?"

"మార్చానండి. బాగోలేదా?"

"ఆఁ? కొంచెం గట్టిగా చెప్పు, ఈ చెవిలో."

మాస్టారు వంగి కుడి చెవిలో అరిచాడు. పక్క బల్లవాళ్లు తిరిగి చూశారు.

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "బాగుందో లేదో నాకేం తెలుసు నాయనా. నాకు పాట వినపడక ఏడేళ్లయింది. ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని తినలేక వస్తున్నా. బేసు ఈ బల్ల చెక్కలో తగులుతుంది, మిగతాది నీ మొహం చూసి తెలుసుకుంటా. ఇవాళ నీ మెడ నరాలు ఉబ్బలేదు, మొహం ఎర్రబడలేదు. హాయిగా ఉన్నావు. అదే, ఏం మారిందా అని."

మాస్టారు మళ్లీ ఆ చెవి దగ్గరికి వంగాడు. "మరి ఆ వేలు? జారుడు దగ్గర వేలెత్తేవారు కదండీ, శభాష్ అని?"

"శభాషేమిటి! వినపడే రోజుల్లో పాటకే ఎత్తేవాణ్ణేమో. వినపడటం మానేశాక నీ మొహమొక్కటే కనిపించేది. ప్రతిసారీ ఈ మనిషి ఇక్కడే పడిపోతాడనుకునేవాణ్ణి. పైకి రాగానే, అమ్మయ్య, గట్టెక్కాడు అని వేలెత్తేవాణ్ణి. ఈ మధ్య గురువారమంటేనే గుండె దడగా ఉండేది. ఇవాళ నింపాదిగా తిన్నాను."

మాస్టారు ఆయన ఎదుట ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. వాయించేవాళ్లు హాల్లో కూర్చోకూడదని నియమం. మేనేజరు చూసి కూడా ఊరుకున్నాడు. ఎందుకు గట్టెక్కాల్సి వచ్చిందో, ఎవరు గట్టున పడేశారో, పదకొండేళ్ల మెత్త కథంతా పెద్దాయన చెవిలో అరిచి చెప్పాడు. ఆ కథ పెద్దాయనకు సగం, పక్క బల్లలకు పూర్తిగా వినపడింది.

ఆరు వారాలకు డాక్టరమ్మ కొలిచింది. పదిహేడు. నమ్మకం చాలక మళ్లీ కొలిచింది. పదిహేడే. పోయిన మూల తిరిగి రాలేదు, ఇక ముందుకు పాకడం మాత్రం ఆగింది. "ఏం చేశారు?" అంది.

"చేసేది మానేశానండి" అన్నాడు మాస్టారు. బయట ఇల్లాలు ఆ అంకె విని ఆయన చెయ్యి పట్టుకుంది. స్టేషన్ దాకా వదల్లేదు.

పేరు మాత్రం మారలేదు. ఇప్పటికీ ఆయన జారుడు మాస్టారే. పేర్లకు మెత్తలు మార్చేవాళ్లు ఎవరూ లేరు.

ఆ వారమే గురువారం నాలుగో బల్లనుంచి చీటీ వచ్చింది. అదే పాట, దానికింద ఇంకో వరస: "ఇప్పుడు వేలెప్పుడు ఎత్తాలి?" మాస్టారు చీటీ వెనక, "మీకు ఎప్పుడు బుద్ధిపుడితే అప్పుడు" అని రాసి పంపాడు. రెండో చరణం మధ్యలో, ఏ విశేషమూ లేని మామూలు స్వరం దగ్గర, పెద్దాయన వేలు నిటారుగా లేచింది. అక్కయ్య ఫక్కున నవ్వింది. మాస్టారికి నవ్వు ఆగక రెండు స్వరాలు పోయాయి. మూడోదాన్ని మెల్లగా అందుకున్నాడు.